అక్షరం చెదరకుండానే మూగబోయిన జన్యువు

పిల్లలకు ఆశీస్సులు.

మాడిన మాంసం ముక్కను పళ్లెంలో ఓ పక్కకు నెట్టి, "ఇది తింటే తాతయ్యకు వచ్చిన క్యాన్సర్ మనకూ వస్తుందా?" అని గొడవపడ్డారట కదా. మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అవుననీ, కాదనీ ఒక్క మాటలో తేల్చలేక ఇలా రాస్తున్నాను.

నాకు జబ్బు చేసింది ప్రోస్టేట్ గ్రంథికి. మగవాళ్లకే ఉంటుంది, మూత్రాశయం కింద, ఆక్రోటు కాయంత. ఒకప్పుడు జపాన్‌లో ఈ క్యాన్సర్ చాలా తక్కువ. అక్కడి నుంచి అమెరికా వెళ్లి స్థిరపడ్డవాళ్లలో మాత్రం పెరిగింది. వాళ్ల జన్యువులు మారలేదు, బతుకు తీరు మారింది, తిండీ మారింది. అమెరికాలో పరీక్షలు ఎక్కువ చేయడమూ కొంత కారణమేననుకోండి. అయినా తిండి మీద అనుమానం అలా బలపడింది.

ఇక మీ మాడు ముక్క. మాంసం బాగా వేడెక్కి నల్లబడినప్పుడు, అందులోని క్రియాటిన్, అమైనో ఆమ్లాలు కలిసి పీహెచ్‌ఐపీ అనే పదార్థం తయారవుతుంది. ఎలుకలకు పెద్ద మోతాదులో పెడితే ప్రోస్టేట్‌లో క్యాన్సర్ పుట్టింది. కంగారు పడకండి, అంత మోతాదు మన పళ్లెంలోకి రాదు. పైగా కణంలో దీనికి కాపలా ఉంది. జీఎస్‌టీపీ1 అనే జన్యువు ఒక ఎంజైమును తయారుచేయిస్తుంది. అది ఇలాంటి విషాలకు కణంలోనే ఉండే గ్లూటాథయోన్ అనే చిన్న అణువును తగిలించి బయటికి సాగనంపుతుంది.

1994లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం వాళ్లు ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల్లో చూస్తే ఈ కాపలాదారు పత్తా లేడు. జన్యువు తెగిపోయిందా అంటే లేదు, దాని డీఎన్‌ఏ రాతలో ఒక్క అక్షరమూ చెదరలేదు. ఆ జన్యువును చదవడం మొదలుపెట్టే చోట, 'సి' అక్షరాల మీద మిథైల్ బుడిపెలు మొలిచి ఉన్నాయి. ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు, అంతే బుడిపె. మన రాతలో అక్షరానికి గుడి పెడితే పలుకు మారుతుంది. ఇక్కడ పలుకు మారదు, ఆగిపోతుంది. నూటికి తొంభైకి పైగా ప్రోస్టేట్ క్యాన్సర్లలో ఇదే కథ. కాపలా లేని కణాల్లో పీహెచ్‌ఐపీ డీఎన్‌ఏకు ఎక్కువగా అతుక్కుంటుందని ప్రయోగశాలలో చూశారు కూడా. నాకు ఈ వ్యవహారమంతటిలో అబ్బురంగా తోచేది ఈ బుడిపే. తప్పు పుస్తకంలో లేదు, చదివేవాణ్ణి ఎవరో గుమ్మంలోనే ఆపేశారు.

అలాంటప్పుడు విషాల పని పట్టే విటమిన్లు మింగితే సరిపోతుంది కదా అని మీకు తడుతుంది. పెద్దవాళ్లకూ అదే తట్టింది. ఫిన్లాండ్‌లో పొగతాగేవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ రాకుండా విటమిన్ ఇ ఇచ్చి చూస్తే, అనుకోకుండా ప్రోస్టేట్ క్యాన్సర్ మూడోవంతు తగ్గింది. నేనూ ఉత్సాహపడి సీసా కొన్నాను. మరి 2001లో 35 వేలకు పైగా మగవాళ్లతో సెలెక్ట్ అనే పరీక్ష మొదలైంది, కొందరికి విటమిన్ ఇ, కొందరికి సెలీనియం అనే ఖనిజం, కొందరికి రెండూ, కొందరికి ఉత్తుత్తి మాత్ర. లాభం కనబడక 2008లో ఆపేశారు. 2011 నాటి లెక్కలో విటమిన్ ఇ ఒక్కటే వేసుకున్నవాళ్లలో క్యాన్సర్ 17 శాతం ఎక్కువ తేలింది! నా సీసాలో ఇప్పుడు చొక్కా బొత్తాలున్నాయి.

జబ్బు వచ్చాక కూరగాయలు బాగా తింటే అది నెమ్మదిస్తుందా అనీ చూశారు. రెండేళ్లు తిన్నా ఆ తేడా కనబడలేదని 2020లో చెప్పారు. నేనైతే తింటూనే ఉన్నాను, గుండెకు మంచిదని.

కాబట్టి మీ తగువుకు నా తీర్పు: నల్ల పెచ్చు గీకేసి మిగతాది తినండి, రోజూ మాడ్చుకోకండి. ఇంతకీ ఆ ముక్క చివరికి ఎవరు తిన్నారో మీ అమ్మ చెప్పనేలేదు.

మీ తాతయ్య