పవర్ బటన్ నొక్కాక, విండోస్ రాకముందు

కేబినెట్ మీది బటన్ నిజానికి కరెంటు స్విచ్ కాదు. ప్లగ్‌లో కరెంటు ఉన్నంతసేపూ ఎస్‌ఎంపీఎస్ (కేబినెట్‌లోని పవర్ సప్లై డబ్బా) నుంచి ఊదారంగు వైరులో 5 వోల్టులు మదర్‌బోర్డుకు అందుతూనే ఉంటాయి. బటన్ నొక్కితే బోర్డు ఆకుపచ్చ వైరును గ్రౌండుకు కలుపుతుంది. అప్పుడు 12, 5, 3.3 వోల్టుల లైన్లు లేస్తాయి. అవి నిలకడగా ఉంటే, 100 నుంచి 500 మిల్లీసెకన్లలో బూడిదరంగు వైరులో ‘పవర్ గుడ్’ సంకేతం వస్తుంది. అది రానంతవరకు ప్రాసెసర్ కదలదు.

ఫ్యాన్ తిరుగుతోంది కాబట్టి కరెంటు బాగానే ఉందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఫ్యానుకు 12 వోల్టులు చాలు. ప్రాసెసర్‌కు కావలసింది సుమారు 1 వోల్టు. దాన్ని తయారుచేసే రెగ్యులేటర్లకు సాకెట్ పక్కనున్న 4 లేదా 8 పిన్నుల కనెక్టర్ నుంచి విడిగా కరెంటు ఇవ్వాలి. సొంతంగా అసెంబుల్ చేసినప్పుడు పెట్టడం మరిచిపోయేది దాన్నే: ఫ్యాన్లన్నీ తిరుగుతాయి, తెర మాత్రం నల్లగానే ఉంటుంది.

ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న మామూలు పీసీ సంగతి చూద్దాం. ‘పవర్ గుడ్’ అందాక బోర్డు రీసెట్ వదలగానే, అంటే ప్రాసెసర్‌ను ఆపి ఉంచడం మానగానే, ప్రాసెసర్ 4 జీబీ అడ్రసు హద్దుకు సరిగ్గా 16 బైట్ల కిందికి చూస్తుంది. అంత ఇరుకులో ప్రోగ్రాం పట్టదు. ‘ఫలానా చోటికి వెళ్లు’ అనే ఒక్క ఆదేశం ఉంటుంది. ఆ దారి బోర్డు మీది ఫ్లాష్ చిప్‌లో ఉన్న బయోస్‌లోకి, అంటే కంప్యూటర్‌ను మేల్కొలిపే తొలి ప్రోగ్రాంలోకి, తీసుకెళ్తుంది.

చిక్కేమిటంటే, అప్పటికి ర్యామ్ స్లాట్‌లో ఉన్నా పనిచేయదు. అందుకని బయోస్ ప్రాసెసర్ లోపల ఉండే చిన్న మెమరీ అయిన క్యాష్‌నే తాత్కాలిక మెమరీగా వాడుకుంటూ పని మొదలుపెడుతుంది. ర్యామ్ స్టిక్ మీది చిన్న చిప్‌లో రాసి ఉన్న వేగం, టైమింగ్‌లు చదివి, ఒక్కో లైనులో సంకేతం ఎప్పుడు చేరుతోందో పరీక్షిస్తూ సర్దుతుంది. దీన్నే మెమరీ ట్రైనింగ్ అంటారు. కొత్త డీడీఆర్5 ర్యామ్ పెట్టాక మొదటిసారి ఇది కొన్ని నిమిషాలు పట్టవచ్చు. కంగారుపడి మధ్యలో ఆపేస్తే మళ్లీ మొదటికే వస్తుంది. పాత ర్యామ్ అయితే కాంటాక్టుల మీద పట్టిన మురికి ఇక్కడ తరచూ అడ్డొస్తుంది, బోర్డుకు స్పీకర్ ఉంటే బీప్‌లు కూడా వినిపిస్తాయి. కరెంటు తీగ తీసేసి, పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, రవ్వలు దులిపి, క్లిప్ టక్కుమనేదాకా నొక్కి పెట్టాలి. గరుకు కాగితం మాత్రం ముట్టుకోవద్దు, బంగారు పూత పోతుంది.

ఆ తర్వాత గ్రాఫిక్స్, కీబోర్డు, డిస్కులు. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే మానిటర్ కేబుల్ దానికే పెట్టాలి, బోర్డుకు కాదు.

కంప్యూటర్ ఆపి ఉన్నప్పుడు దాని గడియారాన్ని నడిపేది సీఆర్2032 అనే 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ. రోజూ గోడ స్విచ్ ఆపేసే ఇళ్లలో అది త్వరగా అరుగుతుంది. తేదీ ఏళ్ల వెనక్కి పోతే సైటు సర్టిఫికెట్ గడువు తేదీలు దానితో కుదరక బ్రౌజర్ బ్యాంకు సైటును కూడా నమ్మదగదంటుంది. తప్పు సైటుది కాదు.

చివరగా బయోస్ బూట్ డిస్కు వెతుకుతుంది. పాత పద్ధతిలో మొదటి 512 బైట్ల సెక్టారు చదివేది. బయోస్‌కు ఇప్పటి రూపమైన యూఈఎఫ్‌ఐ, డిస్కులో ఫ్యాట్32 పద్ధతిలో ఉన్న ఒక భాగం (పార్టిషన్) నుంచి బూట్‌లోడర్ ఫైలును, అంటే విండోస్‌ను లేపే ప్రోగ్రాంను, నడుపుతుంది. ‘బూట్ డివైస్ లేదు’ అని వస్తే ముందు పెన్‌డ్రైవ్ ఏదైనా మిగిలిపోయిందేమో చూసి, తర్వాత డిస్కు కేబుల్ సంగతి చూడండి. ఇంకొకటి: ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే విండోస్ షట్‌డౌన్‌లో కెర్నల్‌ను (డ్రైవర్లతో సహా తన మూల భాగాన్ని) డిస్కులో దాచుకుని మర్నాడు అదే తెస్తుంది. రీస్టార్ట్‌లో అలా దాచుకోదు, అంతా కొత్తగా మొదలవుతుంది. డ్రైవర్ మొండికేసినప్పుడు రీస్టార్ట్ కొట్టాల్సింది అందుకే.