కమాండ్ రాయాలంటే డేటాబేస్ ఇంజిన్ తెలియాలా? అపోహలు - వాస్తవాలు

"నాకు సీ లాంగ్వేజ్ రాదండీ, పోస్ట్‌గ్రెస్ లోపల ఏం జరుగుతుందో తెలీదు, నేనేం కమాండ్ రాస్తాను?" పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ని టెర్మినల్‌లో వాడుకునే ఓపెన్‌సోర్స్ టూల్ పీజీసీఎల్ఐకి ఒక కమాండ్ రాసి కాంట్రిబ్యూట్ చేయమని ఎవరిని అడిగినా ఇదే జవాబు. ఆ మాట అనేవాళ్లేమో పొద్దస్తమానం క్వెరీలు ట్యూన్ చేసే డీబీఏలు (డేటాబేస్ అడ్మిన్లు)! ఈ ఒక్క అపోహతో పనికొచ్చే మనుషులు గుమ్మంలోనే ఆగిపోతున్నారు.

వాస్తవం ఏమిటంటే, బ్యాక్‌స్లాష్ డీటీ (టేబుళ్ల జాబితా), డీఎఫ్ (ఫంక్షన్ల జాబితా) లాంటి కమాండ్లు సర్వర్‌కి తెలియనే తెలియవు. టూల్ వాటిని మామూలు ఎస్‌క్యూఎల్‌గా మార్చి పంపుతుంది. నమ్మకం కుదరకపోతే పోస్ట్‌గ్రెస్ సొంత టూల్ పీఎస్‌క్యూఎల్‌ని క్యాపిటల్ ఈ (-E) ఆప్షన్‌తో తెరిచి డీటీ కొట్టండి. వెనకాల నడిచిన క్వెరీ కళ్లముందే ఉంటుంది: టేబుళ్లు, స్కీమాల వివరాలు దాచుకునే పీజీ_క్లాస్, పీజీ_నేమ్‌స్పేస్ అనే సిస్టమ్ టేబుళ్ల జాయిన్, అది టేబులా వ్యూనా అని చెప్పే రెల్‌కైండ్ కాలమ్ మీద ఒక కేస్. పీజీసీఎల్ఐ వాడే ఈ కమాండ్లు పీజీస్పెషల్ అనే వేరే పైథాన్ ప్యాకేజీలో ఉంటాయి. క్వెరీ నడిపే ఫంక్షన్ రాసి, పైన డెకరేటర్‌లో (ఫంక్షన్ మీద @తో పెట్టే లైనులో) పేరు, సింటాక్స్, ఒక లైను వివరణ ఇస్తే చాలు, హెల్ప్‌లో అదే కనిపిస్తుంది.

కష్టమల్లా వెర్షన్లతోనే. పోస్ట్‌గ్రెస్ 12లో పీజీ_క్లాస్ నుంచి రెల్‌హాజాయిడ్స్ (relhasoids) కాలమ్ తీసేశారు. పాత పీఎస్‌క్యూఎల్‌తో 12 సర్వర్‌కి కనెక్టయి బ్యాక్‌స్లాష్ డీతో టేబుల్ నిర్మాణం చూడబోతే ఆ కాలమ్ లేదని ఎర్రర్ వస్తుంది. మా టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి నైట్ డ్యూటీలో ఇది చూసి, టేబుల్ కరప్ట్ అయిందనుకుని హడలిపోయి ఫోన్ చేశాడు. ఎర్రర్ చదవమన్నాను. కాలమ్ పేరు చెప్పగానే ధైర్యం చెప్పాను: డేటా భద్రం, క్లయింటే, అంటే పీఎస్‌క్యూఎలే, పాతది. తర్వాత అతనే పాత, కొత్త క్లయింట్ల క్వెరీలు పక్కపక్కన పెట్టి తేడా పట్టేశాడు. కమాండ్ రాయడానికి కావాల్సిన నేర్పు అదే. మీ క్వెరీని పాత సర్వర్ మీదా, కొత్త సర్వర్ మీదా నడిపి చూడండి.

మిగతావి చకచకా చెప్తాను. ఇంగ్లిష్ గొప్పగా రావాలా? అక్కర్లేదు, క్వెరీ, దాని అవుట్‌పుట్ పెడితే అందరికీ అర్థమవుతుంది. రివ్యూలో మార్పులు అడిగితే పరువు పోయినట్టా? ఇలాంటి పుకార్లు ఎవరు పుట్టిస్తారో గానీ, మార్పులు అడగడం రోజూ జరిగేదే. కోడ్ రాస్తే పనైపోయినట్టా? కాదు, టెస్టు కూడా రాయాలి, చేంజ్‌లాగ్‌లో (మార్పుల జాబితాలో) ఒక లైను చేర్చాలి.

టెన్షన్‌గా ఉంటే కోడ్ జోలికి పోకుండా ముందు ప్రాజెక్ట్ పేజీలో ఇష్యూ (చర్చకు పెట్టే పోస్ట్) తెరిచి ఆ క్వెరీ చూపించండి. పీఎస్‌క్యూఎల్‌లో ఉన్న కమాండ్‌నే తెస్తుంటే మాత్రం అదే పేరు, అవే కాలమ్‌లు ఉంచండి. వేళ్లకు అలవాటైన పేరు మారిస్తే ఎవరూ వాడరు.