స్టెప్ 1 మార్కులు పోయాక కర్నూలు పిల్లలకు సీనియర్లే దిక్కు

కొత్త హెచ్-1బి ఉద్యోగ వీసా దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధిస్తూ అమెరికా అధ్యక్షుడు 2025 సెప్టెంబరు 19న ప్రకటన జారీ చేసిన తరువాత, రాయలసీమ వైద్య కళాశాలల్లో పాత వాదం ఒకటి మళ్ళీ పైకి వచ్చింది. అమెరికాలో స్థిరపడ్డ పూర్వ విద్యార్థులు తాము చదువుకున్న కళాశాల రుణం ఎలా తీర్చుకోవాలి? పెద్దాసుపత్రికి భవనాలూ పరికరాలూ సమకూర్చాలా, లేక వెనక వస్తున్న విద్యార్థులకు అక్కడి దారి చూపించాలా? కర్నూలు వైద్య కళాశాల ఉన్న బుధవారపేటలో ఈ వాదం ఎప్పటినుంచో ఉన్నదే. అది ఇప్పుడు ఇంత పదునెక్కడానికి వీసా రుసుము ఒక్కటే కారణమని అనుకుంటే అసలు సంగతి మరుగున పడుతుంది. మూడున్నరేళ్ల ముందు ఒక పరీక్షలో జరిగిన మార్పు దగ్గర ఈ కథ మలుపు తిరిగింది.

1956లో కళాశాల ఏర్పడటం, 1965 నాటి అమెరికా వలస చట్టంతో తొలి తరం వైద్యులకు తలుపులు తెరుచుకోవడం, 1976 చట్టంతో అవి మళ్ళీ బిగుసుకోవడం ఈ ఊళ్ళో చాలామందికి తెలిసినవే కనుక వాటిని వదిలేద్దాం. 1992లో, అమెరికాలో వైద్యం చేసే అర్హత కోసం రాసే యూఎస్‌ఎంఎల్‌ఈ పరీక్షలు మొదలైనప్పటి నుంచి, వాటిలో తొలి మెట్టయిన స్టెప్ 1లో వచ్చే మూడంకెల స్కోరు మన విద్యార్థికి పెద్ద ఆసరాగా ఉండేది. కర్నూలు ఎక్కడుందో తెలియని ఆసుపత్రి వాళ్ళకు కూడా 250 దాటిన స్కోరు అంటే ఏమిటో తెలుసు. పత్తికొండ నుంచి వచ్చిన రైతు బిడ్డకూ, ఇంట్లో ఇద్దరు డాక్టర్లున్న పిల్లవాడికీ అదే పరీక్ష, అదే కొలబద్ద. ఎవరి పరిచయమూ లేకపోయినా కష్టపడి చదివితే ఇంటర్వ్యూకు పిలుపు వస్తుందన్న ధైర్యం ఉండేది.

ఆ కొలబద్ద 2022 జనవరి 26న పోయింది. ఆ రోజు నుంచి స్టెప్ 1 ఫలితంలో ఉత్తీర్ణత ఉందో లేదో మాత్రమే చెబుతున్నారు. అంతకు ఏడాది ముందు, 2021 జనవరిలో, స్టెప్ 2 సీఎస్ పరీక్షను పూర్తిగా ఎత్తివేశారు. రోగితో మాట్లాడే తీరును పరిశీలించే ఆ పరీక్షను అమెరికాలోని ఐదు నగరాల్లోనే నిర్వహించేవారు కాబట్టి, దాని కోసం వెళ్ళిన విద్యార్థి అదే ప్రయాణంలో ఏదో ఒక ఆసుపత్రిలో కొన్ని వారాలు గడిపి వచ్చేవాడు. వైద్య పరిజ్ఞానాన్ని కొలిచే స్టెప్ 2 సీకేకు మార్కులు ఇప్పటికీ ఉన్న మాట నిజమే గాని, ఒక్క స్కోరుతోనే వేల దరఖాస్తులను వడపోయలేని రెసిడెన్సీ (ఆసుపత్రిలో ఇచ్చే పీజీ శిక్షణ) ఎంపిక సంఘాలు అమెరికా ఆసుపత్రిలో తిరిగిన అనుభవానికీ, అక్కడి వైద్యుడు రాసిన సిఫార్సు లేఖకూ ఇస్తున్న విలువ పెరిగింది. అమెరికా పౌరులు కాని విదేశీ పట్టభద్రుల్లో, ఆ శిక్షణ సీట్లు కేటాయించే మ్యాచ్‌లో సీటు దక్కుతున్నది పదిమందిలో సుమారు ఆరుగురికి. మిగిలిన నలుగురిలో ఉండిపోకుండా చూసేది చాలా సందర్భాల్లో ఆ లేఖే.

ఆ లేఖ ఎలా పుడుతుందో దగ్గరగా చూడాలి. సందర్శక వీసా మీద వెళ్ళిన జూనియర్ నాలుగు వారాల పాటు ఒక సీనియర్ వెనక నిలబడి ఓపీ చూస్తాడు, వార్డులో తిరుగుతాడు. రోగిని ముట్టుకోవడానికి, మందు రాయడానికి అతనికి అనుమతి ఉండదు. వేళకు వస్తున్నాడా, అడిగిన ప్రశ్న వెనక చదువు ఉందా, నర్సుతో ఎలా మాట్లాడుతున్నాడు అన్నవి ఆ సీనియర్ గమనిస్తాడు. రాత్రికి చాలామందికి బస కూడా ఆ సీనియర్ ఇంట్లోనే. చివరికి ఆయన రాసిన లేఖ నేరుగా దరఖాస్తు వ్యవస్థలోకి వెళుతుంది, దాన్ని చూసే హక్కును విద్యార్థి సాధారణంగా ముందే వదులుకుంటాడు. అంతా నమ్మకం మీద నడిచే వ్యవహారం.

ఈ నాలుగు వారాలను నెలకు వేల డాలర్లకు అమ్మే సంస్థలు కూడా అక్కడ ఉన్నాయి. ఆలూరు వైపు నుంచి వచ్చిన, నాకు తెలిసిన ఒక హౌస్ సర్జన్ ఆ డబ్బు పెట్టలేక, క్యాజువాలిటీ నైట్ డ్యూటీల మధ్య ఫోనులోనే అరవైకి పైగా మెయిళ్లు పంపాడు. జవాబులు మూడు వచ్చాయి. వాటిలో రెండు క్షమించమన్నవి. అతని తోటి విద్యార్థినికి ఆ అవసరమే రాలేదు. ఆమె తండ్రి తన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒక్క మాట రాశారు, వారంలో రెండు చోట్ల నుంచి తేదీలు వచ్చాయి. ఆ అమ్మాయి తప్పు ఇందులో ఏమీ లేదు. ఒకప్పుడు ఈ ఇద్దరినీ సమానంగా నిలబెట్టిన మార్కు ఇప్పుడు లేదు.

ఆస్తి రూపంలో సాయం చేయాలనే వారి వాదాన్ని తేలిగ్గా తీసేయలేం. కడపకూ అనంతపురానికీ సొంత వైద్య కళాశాలలు వచ్చినా, రాయచూరు, బళ్ళారి, గద్వాల వైపు నుంచి సైతం రోగులు ఇప్పటికీ కర్నూలు పెద్దాసుపత్రికే వస్తారు. ప్రజల సొమ్ముతో చదివిన వాళ్ళు మరికొందరిని దేశం దాటించడమే సేవ అనడం సరికాదని వీరంటారు. గుంటూరు పూర్వ విద్యార్థుల అమెరికా సంఘం జింకానా అక్కడి ఆసుపత్రిలో తల్లీబిడ్డల భవనానికి పూనుకోవడాన్నీ, దానికి ఒక పూర్వ విద్యార్థిని తన జీవితకాలపు పొదుపు 20 కోట్ల రూపాయలు ఇవ్వడాన్నీ ఉదాహరణగా చూపుతారు.

అయితే అలాంటి విరాళాల దారి 2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల చట్టానికి చేసిన సవరణలతో బాగా ఇరుకైంది. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సంపాదన నుంచి ఇచ్చేది విదేశీ విరాళం కిందకు రాదు, అమెరికా పౌరసత్వం తీసుకున్న వైద్యుడు ఇచ్చేది వస్తుంది. పాతికేళ్ల కిందట వెళ్ళిన వాళ్ళలో చాలామంది రెండో కోవలోనే ఉన్నారు. ఇక్కడి సంఘం ఆ చట్టం కింద నమోదు చేసుకుని, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఖాతా తెరిస్తే తప్ప ఆ సొమ్ము అందుకోలేదు. నమోదైన మరో సంస్థ ద్వారా తెప్పించుకునే వీలును కూడా ఆ సవరణ తీసేసింది. పాతిక మంది కలిసి పెట్టుకున్న బ్యాచ్ సంఘానికి ఇదంతా అయ్యే పని కాదు. ఒక వైద్యుడి సమయానికీ సలహాకూ ఇలాంటి అడ్డంకి ఏదీ లేదు. పైగా వాటికి ఖర్చయ్యేది తక్కువ.

ప్రతి విశ్వవిద్యాలయంలో పూర్వ విద్యార్థులతో సంబంధాలు నడిపే విభాగం ఉండాలని యూజీసీ 2021 జులైలో అంతర్జాతీయీకరణ మార్గదర్శకాల్లో సూచించింది. వైద్య విద్యార్థుల దగ్గరకు వచ్చేసరికి ఆ సూచనకు పట్టు దొరకదు. 1986లో ఆరోగ్య విశ్వవిద్యాలయం ఏర్పడటంతో, అంతకు ముందు చదివిన వారి పట్టా మీద ఒక పేరు, తరువాతి వారి పట్టా మీద మరో పేరు ఉంటుంది. వీళ్ళ మమకారం కళాశాల మీద, అంతకంటే ఎక్కువగా బ్యాచ్ మీద. రజతోత్సవం, స్వర్ణోత్సవం అన్నీ బ్యాచ్ పేరుతోనే జరుగుతాయి. ఎవరు ఏ ఆసుపత్రిలో ఉన్నారు, ఎవరు జూనియర్‌ను తీసుకోగలరు అన్న సమాచారం కూడా ఆ బ్యాచ్ దాటి బయటకు రాదు. నా దృష్టిలో ఈ మొత్తం వివాదంలో సరిదిద్దవలసిన మొదటి లోపం ఇదే.

కొత్త రుసుము ఈ లోపాన్ని ఇంకా లోతు చేసింది. లక్ష డాలర్లు పెట్టి హెచ్-1బి ఇవ్వడానికి చిన్న ఆసుపత్రులు వెనకాడితే, మిగిలేది ప్రధానంగా శిక్షణ కోసం ఇచ్చే జె-1 వీసా. దాని మీద శిక్షణ పూర్తి చేసిన వైద్యుడు రెండేళ్లు స్వదేశంలో ఉండాలి, లేదా వైద్యులు కొరవడిన ప్రాంతంలో మూడేళ్లు పనిచేసి ఆ షరతు నుంచి మినహాయింపు పొందాలి. ఆ మినహాయింపు పథకం కింద ఒక్కో రాష్ట్రానికి ఏటా 30 స్థానాలే. ఏ రాష్ట్రంలో అవి త్వరగా నిండిపోతాయి, ఏ ఒప్పందంలో ఏ షరతు చూసుకోవాలి అన్నది అలాంటి ఊళ్ళలో ఏళ్ల తరబడి పనిచేసి వచ్చిన సీనియర్లకు తెలిసినంతగా ఏ సంస్థకూ తెలియదు.

హౌస్ సర్జన్ల కోరిక చాలా చిన్నది. జూనియర్లను తీసుకోవడానికి సమ్మతించిన వైద్యుల జాబితా, వారి విభాగం, ఖాళీ ఉన్న నెలలు బ్యాచ్‌తో నిమిత్తం లేకుండా అందరికీ ఒకేచోట కనిపించాలని, ఎంపిక ఏ ప్రాతిపదికన జరుగుతుందో ముందే చెప్పాలని వారు అడుగుతున్నారు. రెసిడెన్సీ దరఖాస్తులు సెప్టెంబరు చివర్లో ఆసుపత్రులకు చేరతాయి. అప్పటికి లేఖ చేతికి రావాలంటే వేసవిలోనే అక్కడ ఉండాలి, వీసా ఇంటర్వ్యూ తేదీ కోసం అంతకు నెలల ముందే ప్రయత్నం మొదలుపెట్టాలి. ఆలూరు అబ్బాయికి మూడో జవాబు రాసిన వైద్యుడు ఏప్రిల్‌లో మళ్ళీ గుర్తు చేయమన్నాడు.