బటన్ పెద్దమ్మ చేతిలోనే

పర్లాకిమిడి నుంచి బరంపురం తీసుకెళ్లి మా పెద్దమ్మకు పేగు ఆపరేషన్ చేయించాం. మర్నాడు నర్సు వచ్చి "కష్ట హేఉఛి కి?" (నొప్పిగా ఉందా?) అని ఒడియాలో అడిగింది. పెద్దమ్మకు ఒడియా బాగానే వచ్చు, బజారులో బేరాలన్నీ అందులోనే. కానీ సలుపు, పోటు, మంట, లాగుడు మాత్రం ఆవిడ నోట తెలుగులోనే వస్తాయి. "ఏదో ఉందిలే" అని ఊరుకుంది.

ఆవిడ చేతిలో పెట్టిన బటన్‌కు భాషతో పనిలేదు. నొక్కితే మంచం పక్కనున్న పంపు నుంచి నరంలోకి కొంచెం మార్ఫిన్ అనే నొప్పి మందు వెళ్తుంది, పెద్దవాళ్లకు సాధారణంగా 1 మిల్లీగ్రాము. ఆపైన 5 నుంచి 10 నిమిషాలు ఎన్నిసార్లు నొక్కినా పంపు ఇవ్వదు. 1976లో బ్రిటన్‌లోని కార్డిఫ్ పేరుతో వచ్చిన పంపుతో ఈ పద్ధతి అమ్మకానికి వచ్చింది.

ఇంత తతంగం ఎందుకంటే, నెత్తురులో మందు ఎంత ఉంటే నొప్పి అణుగుతుందో మనిషి మనిషికీ మారుతుంది. ఒకే బరువున్న ఇద్దరిలో ఒకరికి చాలింది రెండోవారికి ఏ మూలకీ రాదు. గంటల లెక్కన ఇచ్చే ఇంజక్షన్‌తో కాసేపు మత్తు, కాసేపు మూలుగు. తనకెంత కావాలో రోగే చూసుకోవడం అంతకంటే మేలు.

రాత్రి మా అన్నయ్య, "పాపం, నిద్రలో మూలుగుతోంది" అని బటన్ నొక్కబోయాడు. నర్సు కసిరింది. ఆమె కసిరితేనే నయం. మత్తెక్కిన మనిషి బటన్ నొక్కలేడు, కాబట్టి మందు ఆగుతుంది. అసలు తాళం అదే. పక్కవాళ్లు నొక్కితే ఆ తాళం తీసేసినట్టే, ఊపిరి మందగిస్తుంది. విరుగుడుగా నలోక్సోన్ ఉంది, కానీ ఊపిరి తగ్గిందని ఎవరో ఒకరు గమనించాలి కదా. గురకపెట్టి మధ్యలో ఊపిరి ఆగే అలవాటుంటే డాక్టరుకు ముందే చెప్పాలి.

పెద్దమ్మది ఇంకో తంటా. "నల్లమందు నుంచి తీస్తారట, అలవాటైపోతే?" అని నొక్కడమే మానేసింది. డాక్టర్ల కళ్ల ముందు రెండు మూడు రోజులు వాడితే వ్యసనమయ్యే భయం చాలా తక్కువ. నొప్పికి భయపడి దగ్గకుండా, లేవకుండా పడుకుంటేనే ఊపిరితిత్తుల్లో కఫం చేరుతుంది. ఎన్నిసార్లు నొక్కారో, ఎన్నిసార్లు మందు వెళ్లిందో పంపు రాసిపెడుతుంది. ఆ లెక్క చూసి డాక్టరు, "లేచి కూర్చునే ముందు నొక్కమ్మా, మందు పట్టడానికి కాస్త టైము పడుతుంది" అన్నాడు. నొక్కింది, ఆగింది, దిండు పొట్టకు అదుముకుని దగ్గింది.

ఆ రోజంతా ముక్కు గోక్కుంటూ ఆసుపత్రి దుప్పటిని తిట్టింది. దురద దుప్పటిది కాదు, మార్ఫిన్‌ది.