మిత్రుడున్నాడని పర్సెపోలిస్‌కు బయలుదేరేవారికి: అపోహలు – వాస్తవాలు

పర్షియా చక్రవర్తుల పాత రాజధాని పర్సెపోలిస్ వంటి ఇరాన్‌లోని ప్రాచీన స్థలాలను చూడదలచిన తెలుగువారికి యాత్ర ప్రణాళిక వేసి ఇవ్వడం, వీలున్నప్పుడు వెంట వెళ్లి చూపించడం నా వృత్తి. హైదరాబాద్‌లోనో పుణెలోనో తమతో కలిసి చదువుకున్న ఇరానీ మిత్రుడు ఒకరు అక్కడ ఉన్నారని, కాబట్టి తాము వేరే ఏర్పాట్లేవీ చేసుకోనక్కరలేదని నాతో చెప్పేవారు తరచుగా ఎదురవుతుంటారు.

అపోహ: మిత్రుడు స్థానికుడు కాబట్టి అన్నీ అతనే చూసుకుంటాడు, అన్నీ అతనికే తెలుసు.

మిగిలిన అపోహలన్నీ కలిసి చేసే నష్టం కంటే ఈ ఒక్క నమ్మకం చేసే నష్టం ఎక్కువ. ముందు డబ్బు సంగతి చూద్దాం. ఆంక్షల కారణంగా మన బ్యాంకుల వీసా, మాస్టర్‌కార్డులు ఇరాన్‌లో పనిచేయవు. డాలర్లో యూరోలో చేతిలో లేకుండా దిగినవారు ప్రతి టాక్సీకీ, ప్రతి భోజనానికీ మిత్రుడి కార్డు మీద ఆధారపడవలసి వస్తుంది. అతిథి చేత ఖర్చు పెట్టించడం తమకు తలవంపుగా భావించే తారోఫ్ మర్యాదలో పెరిగినవాడు తిరిగి డబ్బు పుచ్చుకోడు. ధరలు ఆగకుండా పెరుగుతున్న దేశంలో జీతం మీద బతికే మనిషికి అది ఎంత బరువో పైకి చెప్పడు. అందుకే దిగిన రోజే నగదు మార్చుకుని, యాత్ర ఖర్చుకు సరిపడే మొత్తాన్ని ఒకేసారి అతని చేతిలో పెట్టమనీ, ఎన్నిసార్లు వద్దన్నా వెనక్కి తీసుకోవద్దనీ నేను గట్టిగా చెబుతాను. ధర విన్నప్పుడు అది టోమన్లలోనా రియాళ్లలోనా అని అడగండి. పది రియాళ్లు ఒక టోమన్. విదేశీయుల ప్రవేశ రుసుము వేరుగా, ఎక్కువగా ఉంటుంది. స్థానికుల టికెట్టుతో లోపలికి తీసుకెళ్లమని మిత్రుణ్ని ఇబ్బంది పెట్టకండి.

ఇక చరిత్ర విషయం. నఖ్ష్-ఎ-రుస్తమ్ కొండ దగ్గర షిరాజ్‌కు చెందిన నా మిత్రుడు, లెక్కల ఉపాధ్యాయుడు, గుర్రం మీది విగ్రహాన్ని చూపించి అది ఇరానీ పురాణగాథల వీరుడు రుస్తమ్ అని తన తాతగారు చెప్పిన కథను ఎంతో ప్రేమగా మా బృందానికి వినిపించారు. నిజానికి ఆ గుర్రం మీద ఉన్నది ఇరాన్‌ను ఏలిన ససానియన్ వంశపు చక్రవర్తి మొదటి షాపూర్; క్రీ.శ. 260లో బందీగా చిక్కిన రోమన్ చక్రవర్తి వలేరియన్ మీద విజయాన్ని ఆ శిల్పం చాటుతుంది. అదే కొండలో పైన తొలిచిన, పర్సెపోలిస్ నిర్మాణం మొదలుపెట్టిన చక్రవర్తి డేరియస్ సమాధి అంతకు ఏడు వందల ఏళ్లకు పైగా పాతది. నేను ఈ మాట చెప్పగానే ఆయన నొచ్చుకోలేదు. చిన్ననాటి నుంచి సెలవు రోజుల్లో ఇక్కడే కూర్చుని భోజనాలు చేశామే తప్ప అక్కడి సమాచార ఫలకాన్ని ఎన్నడూ చదవలేదని అంటూ, పర్షియన్‌లో రాసి ఉన్నదంతా అక్కడికక్కడే మాకు బిగ్గరగా చదివి వినిపించారు. మన గోల్కొండ గోడల మధ్య ఆడుకుంటూ పెరిగిన వారందరికీ కుతుబ్‌షాహీల వంశక్రమం తెలిసి ఉంటుందా? మిత్రుడి కథ వినండి, అది కూడా ఆ స్థలానికి చెందినదే. కానీ లైసెన్సు ఉన్న గైడును ఒక పూటకైనా పెట్టుకోండి.

మిత్రుడి కారులో ఇస్ఫహాన్ వెళుతూ దారిలో గంటసేపు ఆగితే చాలనుకోవడం ఈ అపోహకు కొనసాగింపే. షిరాజ్‌కు సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉన్న పర్సెపోలిస్ వేదిక విస్తీర్ణం లక్షా పాతిక వేల చదరపు మీటర్లు. అపదానా సభామండపంలోని 72 స్తంభాలలో నేడు నిలిచి ఉన్నవి 13. గంటలో చూసేవారు వాటి కింద ఫొటో దిగి వెళ్లిపోతారు. కానుకలు తెచ్చే 23 జాతుల ప్రజల బృందాలను చెక్కిన మెట్ల గోడల వైపు తిరిగి కూడా చూడరు. ఆ బృందాలలో కావడి మోస్తున్న హిందుష్ మనిషి ఉన్నాడు. ఆ పేరు సింధు ప్రాంతానిది, యావద్భారతానిది కాదు. అయినా అతని ముందు కొంతసేపు నిలబడకుండా మనవాళ్లు వెళ్లిపోతే నాకు నిజంగా బాధ కలుగుతుంది. పర్సెపోలిస్‌కూ నఖ్ష్-ఎ-రుస్తమ్‌కూ కలిపి ఒక పూర్తి రోజు, పసర్గదేలో ఉన్న, పర్షియా సామ్రాజ్య స్థాపకుడు సైరస్ సమాధికి మరో పూట కేటాయించండి.

అపోహ: పర్సెపోలిస్‌ను బానిసలు కట్టారు. అక్కడ 1930లలో దొరికిన ఎలామైట్ అనే ప్రాచీన భాషలో రాసిన మట్టి పలకలలో పనివారికి కొలిచి ఇచ్చిన బార్లీ, ద్రాక్షసారా లెక్కలు ఉన్నాయి. బాలింతలకు అదనపు వాటా కూడా నమోదైంది. వారందరూ స్వేచ్ఛాజీవులని చెప్పలేము కానీ, కొరడా దెబ్బల కథకు ఆ లెక్కలలో ఆధారం లేదు.

అపోహ: సైరస్ సిలిండర్ మానవ హక్కుల తొలి ప్రకటన. అది సైరస్ బాబిలోన్‌ను జయించిన తరువాత మట్టి సిలిండర్ మీద వేయించిన రాజశాసనం. బానిసత్వాన్ని రద్దు చేసినట్టు వాట్సాప్‌లో తిరిగే వాక్యాలు అందులో లేవు. దయచేసి వాటిని ఇరానీ మిత్రులకు పంపకండి.

అపోహ: భారతీయులకు వీసా అక్కరలేదు. 2024 ఫిబ్రవరిలో ఇచ్చిన 15 రోజుల మినహాయింపును సాధారణ పాస్‌పోర్టులకు 2025 నవంబరు 22 నుంచి నిలిపివేశారు. పాత వీడియోలు చూసి టికెట్లు కొని, తరువాత కంగారుగా ఫోను చేసేవారిని చూస్తే జాలి వేస్తుంది. పరిస్థితులు త్వరగా మారే ప్రాంతం కాబట్టి మన విదేశాంగ శాఖ ప్రయాణ సూచనను కొనే ముందు ఒకసారి, బయలుదేరే ముందు మరోసారి చూడండి. వద్దని సూచన ఉన్నంతకాలం ఆగి, ఆ సంగతి మిత్రుడికి నేరుగా చెప్పండి. అక్కడ ఉంటున్న మనిషికి మీ భయం అర్థమవుతుంది.