పంపు ఎక్కడుండాలి?

1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టిలో మొదటి దాదాపు 2,500 కార్లకు, ఇంజిన్‌ను చల్లబరిచే నీటిని తిప్పే వాటర్ పంపు ఉండేది. మరుసటి ఏడాదే దాన్ని తీసేశారు. వేడెక్కిన నీరు తేలికై పైకి లేస్తుంది, గాలి తగిలే రేడియేటర్‌లో చల్లబడి బరువెక్కి కిందికి దిగుతుంది. 20 హార్స్‌పవర్ ఇంజిన్‌కు ఆ సహజ ప్రవాహమే సరిపోయింది. ఒక్కటే షరతు: నీటిమట్టం ఇంజిన్ నుంచి రేడియేటర్‌కు వెళ్లే పైగొట్టం కంటే దిగితే ప్రవాహం ఆగిపోతుంది.

1932లో అదే సంస్థ తెచ్చిన వి8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్ శక్తి 65 హార్స్‌పవర్. పొగ వెళ్లే దారులు ఇంజిన్ బ్లాక్‌లో నీటి మధ్యగానే సాగుతాయి కాబట్టి ఆ వేడి కూడా నీటికే చేరుతుంది. దీనికి రెండు పంపులు పెట్టారు. కానీ పెట్టింది సిలిండర్లను పైన మూసే సిలిండర్ హెడ్‌ల దగ్గర, బాగా కాగిన నీరు బయటికొచ్చే చోట. నాకు ఈ పొరపాటంత చక్కటి పాఠం మరొకటి కనిపించదు. పంపు నీటిని లాగేటప్పుడు దాని మూతి దగ్గర పీడనం తగ్గుతుంది. పీడనం తగ్గితే నీరు తక్కువ వేడికే మరుగుతుంది. అసలే మరగబోతున్న నీరు అక్కడికి రాగానే బుడగలవుతుంది, రెక్కలు నీటికి బదులు ఆవిరిని చిలుకుతాయి. సరిగ్గా ప్రవాహం ఎక్కువ కావలసిన వేళే అది పడిపోతుంది. 1937లో పంపుల్ని బ్లాక్ ముందుభాగానికి మార్చి, రేడియేటర్ అడుగున చల్లబడిన నీటిని ఇంజిన్‌లోకి నెట్టేలా చేశారు.

రేడియేటర్‌కు పీడనం నిలిపే మూత వచ్చాక ఇంకా ఊరట. ఒక బార్ (దాదాపు వాతావరణ పీడనమంత) అదనపు పీడనంలో నీరు 120 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు.

నీరు మరీ వేగంగా తిరిగితే చల్లబడే వ్యవధి ఉండదని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. ప్రవాహం పెరిగితే రేడియేటర్ వదిలే వేడి పెరుగుతుందే గాని తగ్గదు. నీటి వేడిని బట్టి రేడియేటర్ దారిని తెరిచి మూసే థర్మోస్టాట్‌ను తీసేశాక కొన్ని ఇంజిన్లు ఎక్కువ కాగడానికి కారణం వేరు. వాటిలో థర్మోస్టాట్ మూయవలసిన పక్కదారి తెరిచే ఉండిపోతుంది, వేడినీరు రేడియేటర్‌కు వెళ్లకుండానే మళ్లీ పంపును చేరుతుంది.

పాత పంపును విప్పితే రెక్కల అంచుల్లో సూదితో పొడిచినట్టు గుంటలు కనిపించవచ్చు. బుడగలు పగిలిన ప్రతిసారీ లోహాన్ని కొద్దికొద్దిగా కొరికిన గుర్తులవి. చాలా పంపుల అడుగున, నీటిని ఆపే సీలుకూ ఇరుసును మోసే బేరింగుకూ మధ్య చిన్న రంధ్రం ఉంటుంది. సీలు అరిగితే నీరు బేరింగులోకి పోకుండా అక్కడినుంచి బయటికి కారుతుంది. ఆ చారను చూసి రంధ్రాన్ని పూడ్చకండి, సీలు మార్చండి.