మొగ్గలో ఉన్నప్పుడే పడే రంగు

మా పక్కింటి అక్క పోయినేడు సంక్రాంతికి బెంగళూరు వెళ్లి వస్తూ ఒక ఆర్కిడ్ కుండీ తెచ్చుకుంది. ముదురు వంకాయ రంగు పూలు, మొత్తం ఎనిమిది. రెండు నెలలకు పైగా ఉండి రాలిపోయాయి. ఓపికగా పెంచితే ఈ ఏడు మార్చి చివర్లో మళ్లీ పూసింది. పూలు మాత్రం కొసకు పోయేకొద్దీ లేత గులాబీ రంగు. "ఏమప్పా, అంగడాయన మోసం చేసినాడా, దిష్టి తగిలిందా?" అని అడిగింది. నన్ను అడిగే ముందే ఎర్రనీళ్లతో కుండీకి దిష్టి తీసేసింది కూడా.

అంగడాయన మోసం చేయలేదు. అదే కుండీ, అదే మొక్క, అవే జన్యువులు. గులాబీలకైతే అంటు కింద నుంచి వేరే కొమ్మ లేచి వేరే రంగు పూయడం ఉంది. ఈ ఆర్కిడ్‌లో అంటు లేదు. మారింది ఒక్కటే, పువ్వుకు రంగు పడిన ఊరు. ఇది చెప్పడానికి నేను ధర్మవరం చీర సంగతి ఎత్తుకున్నాను.

ధర్మవరం పట్టుచీరను నేశాక రంగులో ముంచరు. పట్టుదారానికి ముందే రంగు అద్ది, ఆరబెట్టి, తర్వాతే మగ్గం ఎక్కిస్తారు. మడత విప్పినప్పుడు మన కంటికి కనిపించే రంగు ఎన్నో రోజుల ముందే అద్దకం తొట్టిలో తేలిపోయి ఉంటుంది. పువ్వూ అంతే. మొగ్గ మూసుకుని ఉన్నప్పుడే రేకులకు రంగు చాలావరకు పడిపోతుంది. విచ్చుకోవడమంటే మడత విప్పడమే. అక్క కొన్నప్పటి పూలకు రంగు పడింది పెంపకందారు చల్లటి షెడ్డులో. ఈసారి పూలకు రంగు పడింది అనంతపురంలో, ఫిబ్రవరి, మార్చి నెలల్లో, మిద్దె మీద రేకుల పందిరి కింద. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. మనం 350 మీటర్ల లోపే ఉన్నాం. మార్చిలో మన ఎండ 38 డిగ్రీలు తేలిగ్గా దాటుతుంది.

ఇక తొట్టి సంగతి. రేకు కణాల్లో రిక్తిక అనే నీటి సంచి ఉంటుంది, అదే తొట్టి. ఊదా, ఎరుపు రంగులిచ్చే ఆంథోసయనిన్ చేరేది అందులోనే. ఫినైల్అలనిన్ అనే అమైనో ఆమ్లంతో పని మొదలవుతుంది. చాల్కోన్ సింథేజ్, డైహైడ్రోఫ్లావనాల్ రిడక్టేజ్, ఆంథోసయనిడిన్ సింథేజ్ లాంటి ఎంజైములు వరసగా నిలబడి, ఒకటి మార్చి ఇచ్చిన అణువును ఇంకొకటి అందుకుంటుంది. చివర్లో దానికి చక్కెర అణువు తగిలిస్తేనే రంగు నిలకడగా ఉంటుంది. ఈ ఎంజైముల జన్యువులకు పని పురమాయించే మేస్త్రీలు వేరే ఉన్నారు, మిబ్ ప్రోటీన్లు. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే, అక్క కుండీలోనూ ఉన్న ఫెలనాప్సిస్ ఆర్కిడ్‌లో ఇలాంటి మేస్త్రీలు ముగ్గురని తైవాన్ పరిశోధకులు 2015లో చూపించారు. ఒకరు రేకంతా రంగు పరుస్తారు, ఒకరు చుక్కలు పెడతారు, ఒకరు రేకు ఈనెల (నరాల) వెంబడి గీతలు గీస్తారు. చీర ఒంటికి ఒకరు, బుటాకు ఒకరు, అంచుకు ఒకరు! ఇది మొదటిసారి చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. బడిలో మందార పూల కాగితంతో ఆమ్లమా, క్షారమా అని పరీక్ష చేయించి, "పూల రంగుకు కారణం ఆంథోసయనిన్" అని ఒక్క వాక్యం రాయించి వదిలేస్తాం. పిల్లలకు ఈ ముగ్గురు మేస్త్రీల కథ చెబితే జన్మలో మరిచిపోరు.

అయితే ధర్మవరం తొట్టికీ పువ్వు తొట్టికీ ఒక పెద్ద తేడా ఉంది. అద్దకంలో పొయ్యి వెలగాలి, నీళ్లు కాగితేనే పట్టుకు రంగు ఎక్కుతుంది. పువ్వులో పొయ్యి వెలిగితే పని ఆగిపోతుంది. వేడి పెరిగితే మేస్త్రీలు మెత్తబడతారు, ఎంజైములు తగ్గుతాయి, అప్పటికే తొట్టిలో చేరిన రంగు కూడా తొందరగా విరిగిపోతుంది. రాత్రి ఉక్క ఇంకా చెరుపు. ఫెలనాప్సిస్ పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి కార్బన్ డయాక్సైడ్ తీసుకునే మొక్క. మిద్దె రాత్రంతా సెగ కక్కుతుంటే దానికి తిండీ తగ్గుతుంది, ఉన్న చక్కెర శ్వాసకే ఖర్చైపోతుంది. రంగుకు తగిలించే చక్కెరకూ కొరతే.

ఈ మాట మన దానిమ్మ రైతుకు కొత్తగా చెప్పనక్కరలేదు. గింజ ఎరుపూ ఆంథోసయనినే. చలికాలంలో ఎదిగిన హస్త బహార్ (వానాకాలం చివర పూత పట్టిన పంట) కాయ కోస్తే గింజ రక్తంలా ఉంటుంది. ఎండలు ముదిరినప్పుడు పండిన కాయలో గింజ పాలిపోతుంది. అదే తోట, అదే చెట్టు. గులాబీ రంగు చామంతి కూడా వేడి 30 డిగ్రీలు దాటితే వెలవెలబోతుంది. పసుపు పూలకు ఈ బాధ తక్కువ, వాటి రంగు ఎక్కువగా కెరోటినాయిడ్ల నుంచి వస్తుంది.

వెలుతురు కూడా చాలాలి. చీకట్లో మేస్త్రీ ప్రోటీన్లను కణమే పట్టి విరిచేస్తుంది. ఆవాల కుటుంబానికి చెందిన అరాబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో, ఆపిల్ తొక్కలో దీన్ని స్పష్టంగా చూశారు. అలాగని ఆర్కిడ్‌ను మన ఎండలో పెడితే ఆకు మాడిపోతుంది. ఉదయపు ఎండ గంటో రెండు గంటలో తగిలి, ఆ తర్వాత వెలుతురు మాత్రమే వచ్చే తూర్పు వరండా మేలు.

పటిక నీళ్లు పోస్తే రంగు తిరిగి వస్తుందని అక్కకు ఎవరో చెప్పారట. ఆ మాటకు మూలం హైడ్రేంజియా. ఊటీలో గుత్తులు గుత్తులుగా పూసే ఆ మొక్క ఆమ్ల నేలలోంచి అల్యూమినియం పీల్చుకుంటుంది. పటికలో ఉండేదీ ఆ లోహమే, అది రంగు అణువును పట్టుకుంటే పువ్వు నీలమవుతుంది. ఆర్కిడ్ బతికేది మట్టిలో కాదు, చెట్టు బెరడు ముక్కల్లో, బొగ్గులో. దానికి పటిక పోస్తే వేర్లు కాలడమే మిగులుతుంది. దయచేసి పోయకండి.

ఇంకో చిక్కు, ముదురు నీలం ఫెలనాప్సిస్. అంగళ్లలో అమ్మే అలాంటివాటిలో చాలావరకు తెల్ల పూల మొక్కలే. పూలకాడకు రంధ్రం చేసి రంగు నీళ్లు ఎక్కిస్తారు. అది దారానికి అద్దిన రంగు కాదు, తెల్లచీర నేశాక పైన పోసిన రంగు. తర్వాతి కాన్పు పూలు తెల్లగా వస్తాయి, వాటిని ఏ చలీ నీలం చేయలేదు. అక్కది అలాంటిది కాదు, దాని ఊదా దాని సొంతమే.

ఇదంతా విని అక్క, "చలి కావాలంటే మొన్న డిసెంబర్‌లో మనకూ చలి ఉండె కదా?" అంది. మంచి ప్రశ్న. ఆ చలి వల్లే పూలకాడ బయటికి వచ్చింది. పగలు 28 డిగ్రీలకు తగ్గకుండా ఉంచితే ఫెలనాప్సిస్ ఆకులు వేస్తుందే తప్ప పూలకాడ వేయదు. కాడ లేచిన తర్వాత మొగ్గలు తయారై విచ్చుకోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది, ఈలోపు మనకు ఎండలు వచ్చేస్తాయి. అప్పుడు ఇద్దరం మిద్దె ఎక్కి కుండీని దగ్గరగా చూశాం. కాడ మీద పూలు మొదటి నుంచి కొసకు వరసగా పూస్తాయి. మొదట్లో ఉన్న రెండు పూలు ఫిబ్రవరి చల్లదనంలో రంగు అద్దుకున్నవి, పోయినేటి వంకాయ రంగుకు దగ్గరగా ఉన్నాయి. మూడోది కొంచెం పాలిపోయింది. కొసన ఉన్నది లేత గులాబీ, ఈనెల గీతలు మాత్రం సన్నగా మిగిలాయి. దాని పైన ఇంకా ఒక మొగ్గ ఉంది. ఆ సాయంత్రమే అక్క కుండీని కిందికి దించి తూర్పు వరండాలో పెట్టింది.